శిలీంధ్ర పరిశోధనలో మహిళల గురించి పావుగంట మాట్లాడమన్నారు, ఏం చెప్పను?

తంతువు అడిగిన ప్రశ్న:
అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా మా ల్యాబ్‌లో శిలీంధ్ర కల్చర్ల (ల్యాబ్‌లో పెంచి ఉంచే సజీవ నమూనాల) సేకరణ నా చేతుల మీదే నడుస్తోంది. మట్టి నుంచి వేరుచేయడం, ఎండిపోకముందే కొత్త అగర్ (అవి పెరిగే జెల్లీ లాంటి పదార్థం) మీదికి మార్చడం, నూనె పొర కింద భద్రపరచడం, గొట్టాల్లోకి సూక్ష్మ నల్లులు చేరకుండా కాపలా కాయడం, అన్నీ నావే. ఈ పని నాకు ప్రాణం. కానీ ఆ కల్చర్ల ఆధారంగా వచ్చిన పత్రాల్లో నా పేరు చాలావరకు చివరి కృతజ్ఞతల పేరాలోనే ఉంటుంది.

ఫిబ్రవరి 11న, విజ్ఞానశాస్త్రంలో మహిళలు, బాలికల అంతర్జాతీయ దినోత్సవానికి నన్ను మాట్లాడమన్నారు. పిల్లల కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ గుర్తొచ్చారు. పుట్టగొడుగుల సిద్ధబీజాలు మొలకెత్తే తీరుపై ఆమె రాసిన పత్రాన్ని 1897లో లండన్‌లోని ప్రకృతి శాస్త్రవేత్తల సంఘం లిన్నియన్ సొసైటీలో వేరొకరు సమర్పించారు. ఆ సమావేశాలకు అప్పట్లో స్త్రీలను రానిచ్చేవారు కాదు. ఈ కథ విని అందరూ బాధపడతారు, చప్పట్లు కొడతారు, వెళ్లిపోతారు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన అమ్మాయిలకు మాత్రం ఏమీ మారదు. మీరైతే ఏం చెబుతారు?

అగర్‌పళ్లెం:
జొహన్నా వెస్టర్‌డైక్ గురించి చెప్పండి. మీలాగే కల్చర్లను కాపాడిన మనిషి. నెదర్లాండ్స్‌లోని శిలీంధ్ర సేకరణ 1907లో ఆమె చేతికి వచ్చింది. 1917లో ఆ దేశపు తొలి మహిళా ప్రొఫెసర్ అయ్యారు. ఆమె దగ్గర 56 మంది డాక్టరేట్ పూర్తిచేస్తే వారిలో దాదాపు సగం మంది స్త్రీలు.

నాకు ఇంకా నచ్చేది, ఆమె వాళ్లకు ఇచ్చిన పని. యూరప్‌లో ఎల్మ్ చెట్లు ఎందుకు చస్తున్నాయో ఎవరికీ అంతుపట్టని రోజుల్లో ఆ సమస్యను తన విద్యార్థినుల చేతిలో పెట్టారు. కారణం ఒక శిలీంధ్రమని 1922లో బేయా ష్వార్జ్ చెప్పారు. చాలామంది నమ్మలేదు. తర్వాత క్రిస్టీన్ బ్యూస్మన్ ప్రయోగాలు చేసి అది నిజమని తేల్చారు. ఆ తెగులును ‘డచ్ ఎల్మ్ తెగులు’ అంటారు; నెదర్లాండ్స్‌ను సూచించే ‘డచ్’ అనే పేరు దానికి తగిలింది ఈ పరిశోధన వల్లే. ఆ శిలీంధ్ర సేకరణను నడిపే సంస్థకు 2017 నుంచి వెస్టర్‌డైక్ పేరే ఉంది.

మట్టివాసన:
అమెరికా శాస్త్రవేత్తలు ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్‌లను కూడా చేర్చండి. హేజెన్ న్యూయార్క్ నగరంలో మట్టి నమూనాలను పరీక్షించేవారు, బ్రౌన్ ఆల్బనీలో వాటి నుంచి శిలీంధ్రాలను చంపే రసాయనాన్ని వేరుచేసేవారు. నమూనాలు సీసాల్లో పోస్టులో వెళ్లొచ్చేవి. అలా 1950లో నిస్టాటిన్ బయటికి వచ్చింది. శిలీంధ్రం వల్ల వచ్చే నోటిపూత నుంచి ఎందరినో కాపాడిన మందు. రాయల్టీగా వచ్చిన కోటీ ముప్పై లక్షల డాలర్లను పరిశోధనకే ఇచ్చేశారు. ఇద్దరిలో ఎవరూ ఎవరికీ సహాయకురాలు కాదు.

పాతగైడు:
నేను ల్యాబ్ నడుపుతాను. ఒకసారి కల్చర్ వేరుచేసిన అమ్మాయి పేరు పత్రంలో చేర్చలేదు. ‘అది మామూలు పనే కదా’ అనుకున్నాను. నేను చేసింది తప్పు. ఆమె ఆ తర్వాత పరిశోధన మానేసింది.

ఇప్పుడు పని మొదలవకముందే ఒక కాగితం రాస్తాం: ఎవరు సేకరిస్తారు, ఎవరు గుర్తిస్తారు, ఎవరు రాస్తారు, రచయితలుగా ఎవరుంటారు. పని మారితే కాగితమూ మారుస్తాం. మీ కల్చర్ రిజిస్టరులో ‘వేరుచేసినవారు’ అనే గడి ఉంటుంది కదా, దాన్ని పత్రాల పక్కన పెట్టి చూపించండి. మీరు కొత్తగా వాదించవలసింది ఏమీ ఉండదు.

తంతువు:
రాత్రి రిజిస్టరు తెరిచి కూర్చున్నాను. ఆ గడిలో నా పేరు కంటే ముందు, ల్యాబ్ వదిలి వెళ్లిపోయిన ఇద్దరు అమ్మాయిల చేతిరాత కనిపించింది. వాళ్లను అడిగి, ఒప్పుకుంటే ఆ పేజీలతోనే మొదలుపెడతాను. వెస్టర్‌డైక్ దాని తర్వాత. పాతగైడు గారూ, మీ కాగితం నమూనా ఇక్కడ పెట్టగలరా? మాట్లాడటం ముగిశాక మా డైరెక్టర్ గారి చేతికి అదే ఇస్తాను.