రీసెట్ తర్వాత డిలే పెడితే బగ్ పోయింది. ఇది ఫిక్స్ అంటారా?

బోర్డుబాబు: సరదాకి రాసుకుంటున్న చిన్న ఓఎస్‌లో ఎక్స్‌హెచ్‌సీఐ (యూఎస్‌బీ కంట్రోలర్) డ్రైవర్. క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది, పాత ల్యాప్‌టాప్ మీద మాత్రం కంట్రోలర్‌ని రీసెట్ చేశాక పంపే మొదటి నో-ఆప్ (ఏ పనీ చేయించని) కమాండ్‌కే ఉలుకూ పలుకూ లేదు. ఎక్కడ ఆగిందో చూద్దామని రీసెట్ తర్వాత ఒక ప్రింట్ పెడితే పనిచేసింది! తీస్తే మళ్లీ మొదటికే. చివరికి 10 మిల్లీసెకన్ల డిలే పెట్టి వదిలేశా. తప్పా?

స్పెక్కురాయుడు: తప్పే. రీసెట్ బిట్ తనంతట తాను సున్నా అవ్వాలి, ఆపైన స్టేటస్ రిజిస్టర్‌లో 11వ బిట్, అంటే కంట్రోలర్ ఇంకా సిద్ధంగా లేదని చెప్పే సీఎన్ఆర్, అది కూడా సున్నా అవ్వాలి. అప్పటిదాకా స్టేటస్ తప్ప మిగతా ఆపరేషనల్ రిజిస్టర్లలో ఏమీ రాయకూడదు.

పాతచింతకాయ: లైనక్స్‌లో ఇంటెల్ కంట్రోలర్లకి 1 మిల్లీసెకను డిలే ఉంది కదండీ. వాళ్లు పెడితే క్వర్క్ (ఫలానా హార్డ్‌వేర్ కోసం చేసే సర్దుబాటు), ఈ కుర్రాడు పెడితే తప్పా?

స్పెక్కురాయుడు: అది పోలింగ్‌కి (బిట్ మారేదాకా మళ్లీ మళ్లీ చదవడానికి) బదులు కాదు, పోలింగ్‌కి ముందు. ఎందుకు పెట్టారో కామెంట్ కూడా రాశారు.

పాతచింతకాయ: అంటే డిలే ఉన్నట్టేగా.

వైరుముక్క: బస్ మాస్టర్ బిట్ (కంట్రోలర్ తనే మెమరీని అందుకోనిచ్చేది) ఆన్ చేశావా?

బోర్డుబాబు: చేశా. సీఎన్ఆర్ పోలింగ్ కూడా మొదటి నుంచీ ఉందండీ, లూప్‌లో టైమర్ ఫంక్షన్ పిలుస్తూ. రీసెట్ బిట్ మాత్రం చూడట్లేదు.

స్పెక్కురాయుడు: పోలింగ్ ఉంటే డిలే అవసరమే రాదు. కోడ్ సరిగ్గా చదువుకో.

పాతచింతకాయ: ఇదిగో, ఈ మాట మా మేనేజర్ అనేవాడు. కారణం తేల్చమని నన్ను మూడు వారాలు కూర్చోబెట్టాడు, ఈలోగా పక్క టీమ్ డిలే పెట్టి షిప్ చేసి అప్రైజల్ కొట్టేసింది.

స్పెక్కురాయుడు: ఆ పక్క టీమ్ లాంటివాళ్లు వదిలేసిన కోడే నా నెత్తిన పడిందండీ. పద్నాలుగు డిలేలు, ఒక్కదానికీ కామెంట్ లేదు, తీస్తే ఏం పగులుతుందో తెలీదు. రెండు సంక్రాంతులు ఆఫీసులోనే.

పాతచింతకాయ: అయితే మీ కోపం నా మీద కాదన్నమాట.

స్పెక్కురాయుడు: మీలాంటి వాళ్లందరి మీదా.

సీసీనేస్తం: రిజిస్టర్ పాయింటర్లకి వోలటైల్ (పాత విలువ వాడకుండా ప్రతిసారీ కొత్తగా చదవమని కంపైలర్‌కి చెప్పే మాట) పెట్టావా తమ్ముడూ?

బోర్డుబాబు: అయ్యో, లేదన్నా! రీసెట్‌కి ముందు కంట్రోలర్ ఆగిందో లేదో చూడ్డానికి స్టేటస్ ఒకసారి చదివా, కంపైలర్ ఆ పాత విలువనే సీఎన్ఆర్ చెక్‌కీ వాడేసి లూప్ దాటేసింది. మధ్యలో ఏ ఫంక్షన్ పిలిచినా మళ్లీ చదువుతోంది, అందుకే ప్రింట్ పనిచేసింది. డిలేని సున్నా చేసి చూశా, అప్పుడూ పనిచేసింది! వోలటైల్ పెట్టి, రీసెట్ బిట్ కోసం కూడా ఆగి, డిలే పీకేశా.

స్పెక్కురాయుడు: చెప్పానా?

పాతచింతకాయ: మీరు వోలటైల్ అన్న మాటే ఎత్తలేదు సార్.