మోచే ముఖకుండల మీద ఉన్నవి నిజంగా బతికిన మనుషుల ముఖాలేనా?

నీలిమట్టి:
పెరూ ఉత్తర తీరంలో సుమారు క్రీ.శ. 100–800 మధ్య వర్ధిల్లిన మోచేలు మనిషి తల ఆకారంలో కుండలు చేశారు. తల మీద రికాబులా వంగిన గొట్టం, దాని పైన మూతి. ఇవి ఫలానా వ్యక్తుల ముఖాలే అంటే నాకు నమ్మకం కుదరడం లేదు. రెండు ముక్కల అచ్చులో మట్టి అదిమి చేసినవి, ఒకే అచ్చు నుంచి ఎన్నో ప్రతులు తీసినవి. 'దొర', 'యోధుడు' అనే నమూనాలు ఎందుకు కాకూడదు?

చరిత్రబడి:
ప్రతులు ఎక్కువ తీశారని మాత్రమే అచ్చు చెబుతుంది. ఆ అచ్చుకు ఆధారమైన ముఖం ఎవరిదన్నది వేరే ప్రశ్న కదండీ. పురావస్తు పరిశోధకుడు క్రిస్టొఫర్ డోనన్ 900కు పైగా ముఖకుండలు పరిశీలించి 2004లో పుస్తకం రాశారు. అందులో పెదవి మీద గాటున్న ఒకాయన కనిపిస్తాడు. సుమారు పదేళ్ల పిల్లాడిగా ఉన్నప్పుడూ అదే గాటు, ముప్పై దాటాకా అదే గాటు. నమూనాకి వయసు పెరగదు. పెరిగినా పాత దెబ్బ మచ్చను వెంట తెచ్చుకోదు.

నీలిమట్టి:
గాటు బలమైన ఆధారమే. కానీ మచ్చ లేని ముఖాల సంగతేంటి? ముక్కు, దవడ చూసి "వీళ్లిద్దరూ ఒకడే" అని తేల్చింది ఈ కాలపు కళ్లే. మోచేలకు రాత లేదు, కుండ మీద పేరుండదు. పైగా చాలా కుండలు దొంగతవ్వకాల్లో బయటికొచ్చాయి. ఎవరి సమాధిలో, ఏ వస్తువుల పక్కన ఉండేవో ఆ సమాచారమంతా పోయింది. నాకు అసలు బాధ అదే.

తీరపుగాలి:
ఆ బాధ నాదీ. అయినా బందీలను మర్చిపోకండి. కొన్ని ముఖకుండల్లో మెడకు తాడు ఉంటుంది. దర్జాగా తలపాగాతో కనిపించినవాళ్లే కొందరు తర్వాత బందీలుగా కనిపిస్తారని డోనన్ వాదన. 1990లలో మోచేల వాకా దె లా లూనా గుడి ఆవరణలో బలి ఇచ్చిన డెబ్బై మందికి పైగా మగవాళ్ల అస్థికలు దొరికాయి. వాటితోపాటే మెడకు తాడున్న నగ్న బందీల పచ్చిమట్టి బొమ్మలు, కావాలని పగలగొట్టినవి. ముఖకుండల్లోనూ దాదాపు అందరూ మగవాళ్లే. ఓడి, చావబోయే మనిషి ముఖాన్ని ఇంత శ్రద్ధగా చేశారంటే, అతనెవరో చూసేవాళ్లకు తెలిసే ఉండాలని నా నమ్మకం.

చరిత్రబడి:
లీమాలోని లార్కో మ్యూజియం కేటలాగ్ ఆన్‌లైన్‌లో ఉంది. నీలిమట్టి గారూ, మచ్చ లేని ముఖాలే కొన్ని ఏరి ఇక్కడ పెట్టండి, ఒక్కొక్కటే చూద్దాం.