‘బ్లడీ లెజెండ్’ అంటే పొగిడినట్టా, తిట్టినట్టా?

గోదారిగట్టు, హైదరాబాద్

మా టీములో జరిగిన విషయం చెబుతాను, మీరేమంటారో చూడాలి. మా క్లయింటు వైపు మేనేజరు మెల్‌బోర్న్ మనిషి. పోయిన వారం రిలీజుకి ముందు మా జూనియర్ అమ్మాయి ఒకతి రాత్రంతా కూర్చుని పెద్ద తప్పు పట్టుకుంది. పొద్దున కాల్‌లో ఆయన అందరి ముందూ ‘యూ బ్లడీ లెజెండ్’ అన్నాడు. మెచ్చుకున్నాడని నాకు అర్థమైంది. ఆ పిల్లకి మాత్రం ‘బ్లడీ’ తర్వాత ఇంకేమీ వినపడలేదు. కెమెరా ఆపేసింది. తర్వాత వెళ్ళి చూస్తే కళ్ళనిండా నీళ్ళు. ‘మా ఇంట్లో కూడా నన్నెవరూ అంత మాట అనలేదు సర్’ అంది. ఆయనకి చెప్పి మాన్పించాలని టీములో సగంమంది, ఈ అమ్మాయికే అర్థం చెప్పాలని మిగతా సగం. నాది రెండో పక్షం. మాట అన్న మనిషి ఊళ్ళో దానికి ఏ అర్థముందో అదే కదా లెక్క?

యర్రా ఒడ్డు, మెల్‌బోర్న్

లెక్క అదే. 14 ఏళ్ళుగా ఇక్కడున్నాను. ఇక్కడ ‘బ్లడీ’ అంటే మన ‘భలే’, ‘మహా’ లాంటిది. మంచికీ తగిలిస్తారు, చెడుకీ తగిలిస్తారు. మా విక్టోరియా రాష్ట్రంలో రోడ్డు ప్రమాదాల బాధితులకి పరిహారమిచ్చే ప్రభుత్వ సంస్థే 1989లో ‘తాగి బండి నడిపావంటే నువ్వు బ్లడీ ఇడియట్‌వి’ అని ప్రచారం మొదలుపెట్టింది. 1894లోనే సిడ్నీ పత్రిక బులెటిన్ ఈ మాటని ‘ఆస్ట్రేలియా విశేషణం’ అంది. అంతకంటే ముందు, 1847లో అచ్చయిన ఒక యాత్రా పుస్తకంలో అలెగ్జాండర్ మార్జోరిబ్యాంక్స్ అనే ఆయన, ఒక ఎడ్లబండి తోలేవాడు పావుగంటలో ఈ మాట 25 సార్లు అన్నాడని లెక్కపెట్టాడు. రోజుకి 10 గంటలు మాట్లాడితే 50 ఏళ్ళలో 1,82,00,000 సార్లు అవుతుందట. అంతలా అరిగిపోయిన మాటకి ఇంకా పదునెక్కడిది?

తెనాలి మాస్టారు

తమ్ముడూ, ఆ లెక్క వేసినాయనే దాన్ని రోత మాట అని కూడా రాశాడు. ఆ ముక్క వదిలేశావు.

32 ఏళ్ళు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, కాస్త ఓపిగ్గా వినండి. 1711లో గలివర్ కథ రాసిన జోనథన్ స్విఫ్ట్, స్వయానా మతగురువు, ఎండలో నడిచొచ్చి ‘బ్లడీ హాట్’ అని తనకి ఇష్టమైన మనిషికి ఉత్తరం రాశాడు. అందులో ఆయనకి తప్పేమీ కనబడలేదు. తర్వాత అది అలగాజనం మాటగా ముద్రపడింది. చివరికి పత్రికలు మధ్య అక్షరాలు ఎత్తేసి గీతలు పెట్టేదాకా వచ్చింది. 1914 ఏప్రిల్ 11న లండన్‌లో బెర్నార్డ్ షా నాటకం ‘పిగ్మాలియన్’ ఆడినప్పుడు, దొరసానిలా తయారైన పూలమ్మే పిల్ల పెద్దింటి హాల్లో ‘నాట్ బ్లడీ లైక్లీ’ అనేసరికి ఊరంతా అదే గొడవ. ఆ మాట పలకలేనివాళ్ళు కొన్నాళ్ళు ‘నాట్ పిగ్మాలియన్ లైక్లీ’ అనేవారు. మేరీమాత మీద వేసే ‘బై అవర్ లేడీ’ అనే ఒట్టు అరిగి ఈ మాటయింది, అందుకే పాపం అని చాలామంది చెబుతారు. ఆ వ్యుత్పత్తి నిలబడేది కాదు. మాటలో పాపం లేదు. ఏ నోట్లోంచి వచ్చింది, ఎవరి మీద పడింది అన్నదే గొడవ.

మరి మన దగ్గరికి ఏ నోట్లోంచి వచ్చింది? మా నాన్నగారు 1944లో ఒక వర్క్‌షాపులో ఫిట్టరు. దొర నోట ఆయన విన్న మొదటి ఇంగ్లీషు ముక్క ‘బ్లడీ ఫూల్’. అర్థం తెలీదు. కానీ ఆ మాట అన్నప్పుడు దొర మొహం ఎలా ఉండేదో పోయేదాకా చెబుతూనే ఉన్నారు. దొరలు వెళ్ళాక మన అధికారులు అందుకున్నారు. మన సినిమాల్లో పోలీసాఫీసరుకి కోపమొస్తే ‘బ్లడీ రాస్కెల్’ అంటాడు, ‘బ్లడీ గుడ్’ అన్నవాణ్ణి నేనైతే చూడలేదు. మనకి ఆ మాట ఎప్పుడూ పైనుంచి కిందికే పడింది. ఆ పిల్ల విన్నది ఆ మాటని. మెల్‌బోర్న్ మాటని కాదు.

లెస్టర్ నర్సమ్మ

మాస్టారూ, ఇంగ్లండు వాళ్ళకీ ఆస్ట్రేలియా వాళ్ళకీ మధ్యే పొసగలేదు, ఇక మన మాటెందుకు? 2006లో ఆస్ట్రేలియా పర్యాటక శాఖ ఎడారి, సముద్రం, విందు అన్నీ చూపించి, చివర్లో ఒకమ్మాయి ‘సో వేర్ ద బ్లడీ హెల్ ఆర్ యూ?’ అని ప్రేమగా పిలిచే ప్రకటన తీసింది. ఇక్కడి టీవీ ప్రకటనలు తనిఖీ చేసే సంస్థ ఆ మాట ఉంటే కుదరదంది. వాళ్ళ పర్యాటక మంత్రి లండన్ దాకా వచ్చి మాట్లాడాక గానీ ఒప్పుకోలేదు. రెండు దేశాల డబ్బు మీదా అప్పుడు ఒకే రాణి బొమ్మ! 2016లో బ్రిటన్ టీవీ, రేడియోల మీద నిఘా ఉంచే ఆఫ్‌కామ్ సంస్థ జనాన్ని అడిగి చూస్తే ఇది తేలికపాటి మాటల్లోకి చేరింది.

నా సంగతి చెబుతాను. వార్డులో మొదటి నెల, ఒక ముసలాయన్ని రాత్రి పక్కకి తిప్పి పడుకోబెడితే ‘బ్లడీ ఏంజెల్’ అన్నాడు. అది పొగడ్తని మా సీనియర్ చెప్పింది. నమ్మాను. అయినా ఆ రాత్రి ఇంటికెళ్ళాక నిద్ర పట్టలేదు. అర్థం తెలిసినంత తొందరగా మనసు మారదండీ.

యర్రా ఒడ్డు, మెల్‌బోర్న్

అక్కా, మా నాయనమ్మ నేను క్లాసు ఫస్టు వచ్చానంటే ‘ఓరి నీ దుంపతెగ!’ అనేది. వేరుతో సహా పోవాలని కదా ఆ శాపం? నేనెన్నడూ బాధపడలేదు. మనమే తిట్టుని ముద్దు చేసుకుంటాం, వాళ్ళు చేసుకుంటే తప్పా?

తెనాలి మాస్టారు

నాయనమ్మ కాబట్టి బాధపడలేదు. అదే మాట నీ జీతం పెంచాల్సిన మనిషి మీటింగులో అంటే?

యర్రా ఒడ్డు, మెల్‌బోర్న్

అది ఒప్పుకుంటాను. కానీ ఆయన్ని తప్పు పట్టడం మాత్రం ఒప్పుకోను.

గోదారిగట్టు, హైదరాబాద్

ఇవన్నీ చదివాక నిన్న ఆ అమ్మాయితో కూర్చున్నాను. అర్థం చెప్పాను, ఆ తాగుబోతు డ్రైవర్ల ప్రకటన సంగతీ చెప్పాను. అంతా విని, ‘ఆయన తప్పేం లేదు సర్. కానీ కాలేజీలో మా ల్యాబులో ఈ మాట రోజూ వినేదాన్ని, మార్కులు వేసే మనిషి నోట’ అంది. మొదట్లో నేను ఆమెని ఈ ప్రశ్న అడగనేలేదు, ఇంతకుముందు ఎక్కడ విన్నావు అని.

తర్వాత ఆయనకి విడిగా ఫోన్ చేశాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం ఆ అమ్మాయికి మెయిల్ వచ్చింది. ఏ తప్పు పట్టుకుంది, అది పట్టుకోకపోతే ఏమయ్యేది, నాలుగు పేరాలు రాశాడు. ఆ మాట ఎక్కడా లేదు. ఆమె దాన్ని వాళ్ళ నాన్నకి పంపిందట.

ఇప్పుడు ఇంకో చిక్కు. టీములో ఒక కుర్రాడు ‘సర్, నన్ను మాత్రం అలాగే బ్లడీ లెజెండ్ అనమనండి, నాకు ఇష్టం’ అంటున్నాడు. అందరూ ఉన్న కాల్‌లో ఒకరికి అని ఇంకొకరికి అనకుండా ఎలా కుదురుతుందో మీరే చెప్పండి.