గిడుగు వారి బొమ్మ కుదిరింది, మనిషి మాత్రం కుదరలేదు

ప్రశ్న (పర్లాకిమిడి):
నేను బోర్డులు రాసే పెయింటర్ని. ఒడియా, తెలుగు రెండూ రాస్తాను. మా వీధి గ్రంథాలయానికి గిడుగు రామమూర్తి గారి బొమ్మ ఆయిల్ రంగుల్లో వేస్తున్నాను. ఆధారం ఒక మసక ఫోటో. తలపాగా, మీసం అన్నీ కుదిరాయి. మా ఆవిడ మాత్రం చూడగానే, "ఈయన శిస్తు వసూలుకు వచ్చినట్టున్నారు" అంది. సవర గిరిజనుల మాట వారి నోటి నుంచే నేర్చుకుని, 1931లో ఆ భాష మీద పుస్తకం తెచ్చిన మనిషి ముఖం ఇది కాదు. కళ్లు మూడుసార్లు చెరిపి వేశాను. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు (బరంపురం):
కళ్లను కాసేపు వదిలెయ్యండి. 1872లో రష్యన్ చిత్రకారుడు పెరోవ్ వేసిన నవలాకారుడు దాస్తోయెవ్‌స్కీ బొమ్మ చూడండి. ఆయన మన వైపు చూడడు. మోకాలి చుట్టూ వేళ్లు పెనవేసుకుని కూర్చుంటాడు. సైబీరియాలో నాలుగేళ్ల కఠిన శిక్ష ఆ వేళ్లలోనే ఉంది.

జవాబు (రాయగడ):
కథ తెలుసు కాబట్టి మీకు వేళ్లలో కనబడింది. తెలియనివాడికి ఆయన చలికి ముడుచుకున్న గుమస్తా. అయినా గిడుగు వారికి కోపం ఉండకూడదా? వాడుక భాష కోసం పండితులతో పోరాడారు. 1936లో మీ ఊరు ఒడిశాలో చేరాక రాజమండ్రి వెళ్లిపోయారు. దయచేసి మెత్తని తాతగారిని చెయ్యకండి. చేతిలో పుస్తకం అసలే వద్దు, మళ్లీ బోర్డు అవుతుంది.

జవాబు (గుణుపూర్):
మాస్టారూ, సవర కొండల్లో తిరిగి జ్వరాల పాలై, క్వినైన్ వాడి ఆయన వినికిడి పోగొట్టుకున్నారు కదా. మా తాతగారికీ చెవుడే. ఎదుటివారి కళ్లలోకి చూసేవారు కాదు, పెదవుల మీదే ఉండేది ఆయన చూపు.

ప్రశ్న అడిగినవారు:
మీ మాట చదివి రాత్రే బ్రష్షు పట్టాను. నల్లగుడ్లు నువ్వుగింజంత కిందికి దించాను. ఇంకో తప్పూ దొరికింది. బోర్డు అక్షరానికి అంచు పదునుగా ఉండాలి, ఆ అలవాటుతోనే రెప్పలకూ గీత కొట్టేశాను. తడి ఆరకముందే పొడి బ్రష్షుతో ఆ గీత చెదరగొట్టాను. కనుబొమల మధ్య ముడి మాత్రం ఉంచాను, రాయగడ వారి కోసం.

పొద్దున మా ఆవిడ టీ గ్లాసుతో వచ్చి నిలబడింది. "అలా చూస్తున్నారేమిటి? నేనేమీ అనలేదే!" అంది, బొమ్మతో.