అప్‌డేట్: షియాన్‌లో నాన్నగారు ఏం తిన్నారంటే

గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టని నాన్నగారిని చైనాలోని షియాన్ నగరానికి తీసుకెళ్తున్నాను, భోజనం ఎలా అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. సలహా ఇచ్చినవాళ్లందరికీ పేరుపేరునా ధన్యవాదాలు.

మీరన్నట్టే హుయ్ అనే చైనా ముస్లింల వీధికే వెళ్లాం. అక్కడ పందిమాంసం బెడద లేదు. గొడ్డుమాంసం మాత్రం బాగా వండుతారు, అందుకే "యాంగ్‌రో", అంటే గొర్రెమాంసం, అని చైనీస్‌లో రాసిన చీటీ చూపించి మరీ చెప్పాం.

యాంగ్‌రో పావ్‌మో, అంటే గొర్రెమాంసం రసంలో రొట్టె ముక్కల వంటకం, అడిగితే ముందు ఖాళీ గిన్నె, రెండు గట్టి రొట్టెలు ఇచ్చారు. వాటిని మనమే సెనగగింజంత ముక్కలుగా తుంచాలి. ముక్క పెద్దదైతే లోపలికి రసం ఇంకదు. నాన్నగారు అరగంట ఓపిగ్గా తుంచారు. ఆ గిన్నె తీసుకెళ్లి మాంసం రసంలో ఉడికించి తెచ్చారు. పక్కన తియ్యటి వెల్లుల్లి ఊరగాయ, మిరప ముద్ద. ఇవి నంజుకోకపోతే సగం రుచి పోయినట్టే.

నాకైతే బియాంగ్‌బియాంగ్ నూడుల్స్ ఇంకా నచ్చాయి. బెల్టంత వెడల్పు! పైన కారప్పొడి, వెల్లుల్లి వేసి సలసల కాగే నూనె పోస్తారు. ఆ చుయ్‌మన్న చప్పుడుకి నాన్నగారు "ఇది మన తాలింపే కదరా" అన్నారు. ఆయన ముఖం అప్పుడు చూడాలి.

శాకాహారులకు లియాంగ్‌పీ అనే చల్లటి నూడుల్స్ ఉన్నాయి, వెనిగర్ పులుపుతో. షియాన్ ఉన్నది చిన్‌లింగ్ కొండలకు ఉత్తరాన, అక్కడంతా గోధుమ నేల కాబట్టి, అన్నం లేకపోతే కుదరదనేవాళ్లు ముందే కనుక్కోండి. మేం నాలుగు రోజులూ అన్నం అడగనే లేదు.