విదేశీ విద్యార్థులు ఒకే క్యాంపస్‌లోనా, అన్ని క్యాంపస్‌లలోనా?

నాగావళి_గట్టు:
శ్రీకాకుళం దగ్గర ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం (2008), విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ (2022). రెండూ ప్రభుత్వానివే, రెండిటి కిందా అనుబంధ కాలేజీలు బోలెడు. యూజీసీ 2022 మార్గదర్శకాల ప్రకారం మంజూరైన సీట్ల పైన 25 శాతం దాకా విదేశీయులకు అదనపు సీట్లు పెట్టుకోవచ్చు. 60 సీట్లకి 15 అన్నమాట. మనవాళ్ల సీటు ఒక్కటీ తగ్గదు. మిగిలిపోయినవి వేరేవాళ్లకి ఇవ్వడానికీ వీల్లేదు. కాబట్టి తీసుకోవాలా వద్దా అని కాదు నా ప్రశ్న. తీసుకుంటే ప్రధాన క్యాంపస్‌లోనే ఉంచాలా, అనుబంధ కాలేజీలకూ పంచాలా? నా ఓటు పంచడానికే.

కోట_జంక్షన్:
ఏటి మాస్టారూ, ముందు వస్తే కదా పంచడం! పక్కనే విశాఖలో 1926 నాటి ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, విదేశీ విద్యార్థులు అక్కడ ఎప్పట్నుంచో చదువుతున్నారు. అది వదిలి ఎచ్చెర్ల ఎందుకొస్తారు?

రికార్డు_రూమ్:
ఖర్చు తక్కువని వస్తారు. అయితే పంచడం దగ్గర నేను నాగావళి గారితో ఏకీభవించను. చిక్కంతా కాగితాల్లో ఉంది.

180 రోజులు దాటే స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు దిగిన 14 రోజుల్లోపు ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో, అంటే విదేశీయుల నమోదు ఆఫీసు వెబ్‌సైట్లో, నమోదు కావాలి. బస ఇచ్చినవాళ్లు 24 గంటల్లో విడిగా సమాచారం పెట్టాలి. నమోదుకి బోనఫైడ్ (ఇక్కడే చదువుతున్నాడని కాలేజీ ఇచ్చే పత్రం) కావాలి, చిరునామా రుజువు కావాలి. హాస్టల్లో ఉంటే వార్డెన్ ఉత్తరంతో పనైపోతుంది. ఊళ్లో అద్దెకుంటే ఒప్పంద పత్రం అడుగుతారు, అది రాసివ్వడానికే మన ఇళ్లవాళ్లు జంకుతారు. బ్యాంకులోనూ అదే తంతు. పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్ లెటర్ చూసి ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాసులకిచ్చే రూపాయల ఖాతా) తెరుస్తారు గానీ స్థానిక చిరునామా 30 రోజుల్లో ఇవ్వాలి. అందాకా బయటి నుంచి వెయ్యి డాలర్లకి మించి రానివ్వరు. అద్దె పత్రం లేకపోతే నమోదూ ఆగుతుంది, ఇంటి నుంచి ఫీజు డబ్బూ ఆగుతుంది.

ఇక వీసా ఒక సంస్థ పేరు మీద ఉంటుంది. సంస్థ మారాలంటే ముందే అనుమతి తెచ్చుకోవాలి. అనుబంధ కాలేజీలో చేరినవాడు రెండో ఏడు క్యాంపస్‌కి వస్తానంటే, మన పిల్లల్లా టీసీ పట్టుకుని రావడం కుదరదు. ఈ పని తెలిసిన గుమాస్తా ఒక్కడు దొరకడమే గొప్ప. పది కాలేజీలకి పదిమందిని ఎక్కడ తెస్తారు?

నాగావళి_గట్టు:
ఆ ఒక్కడూ క్యాంపస్‌లో కూర్చుని అందరివీ ఆన్‌లైన్లో చూడొచ్చు కదా! అందర్నీ ఒకే హాస్టల్లో పెడితే వాళ్లలో వాళ్లే తిరుగుతారు. నాలుగేళ్లకీ తెలుగు ముక్క రాదు, మనవాళ్లకి ఇంగ్లిషూ రాదు. ఆర్‌జీయూకేటీ, అదే మన ట్రిపుల్ ఐటీల విశ్వవిద్యాలయం, చూడండి. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం నాలుగు చోట్లా నడవడం లేదా?

రికార్డు_రూమ్:
మంచి ఉదాహరణే, కానీ నా వైపుకే పనికొస్తుంది. శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ 2016లో మంజూరైనా తొలి పిల్లలు నూజివీడులోనే చదివారు. ఇక్కడ గదులు సిద్ధమయ్యాకే ఎస్.ఎం.పురం వచ్చారు. పైగా అక్కడ ప్రతి క్యాంపస్‌కీ డైరెక్టరూ ఆఫీసూ విడిగా ఉన్నాయి. అనుబంధ కాలేజీకి మార్కుల జాబితాలో అచ్చుతప్పు దిద్దాలన్నా విశ్వవిద్యాలయానికే రావాలి.

ఫేజ్_న్యూట్రల్:
హాస్టల్ అన్నారు గనక ఒక మాట. మెస్సులో సాంబారన్నం నెల తింటారు, ఆ తర్వాత గదిలో ఇండక్షన్ పొయ్యి పెడతారు. 2000 వాట్ల పొయ్యి 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. గదిలో ఉన్నది 6 ఆంపియర్ల సాకెట్టు. ముందు ప్లగ్గు పిన్ను నల్లబడుతుంది, తర్వాత సాకెట్టు మూత కరిగి ఉబ్బుతుంది. లోడు మించితే కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చి పడిపోతోందని ఎవరో పెద్దది బిగిస్తారు. అదే అసలు ప్రమాదం, ఈసారి తీగే కాలుతుంది. అంతస్తుకో వంటగది కట్టి, 16 ఆంపియర్ల సాకెట్లు, ఒక్కోదానికి వేరే ఎంసీబీ పెట్టాలి. నాలుగు పొయ్యిలు ఒకేసారి వెలిగితే 8 కిలోవాట్లు, ఒకే ఫేజు మీద 35 ఆంపియర్లు. అందుకే మూడు ఫేజుల మీద పంచాలి. ఒక హాస్టలుకైతే చేయించొచ్చు. ప్రతి కాలేజీలోనూ అంటే ఎస్టిమేటు దగ్గరే ఆగిపోతుంది.

కోట_జంక్షన్:
పొయ్యి సంగతి సరే, హాజరు సంగతి ఎవరూ ఎత్తలేదేం? వీసా ఆలస్యమై ఆరు వారాలు పోయాక వచ్చాడనుకోండి. 16 వారాల సెమిస్టరులో మిగిలినవి 10. ఒక్క రోజు మానకపోయినా 62.5 శాతం. జేఎన్‌టీయూల్లో 75 ఉండాలి, 65 దాటితేనే కండోనేషన్, అంటే తగ్గిన హాజరుకి మాఫీ. అంటే ఏ తప్పూ చేయకుండానే డిటెయిన్, పరీక్షకి కూర్చోనివ్వరు. క్యాంపస్ అయినా అనుబంధ కాలేజీ అయినా ఇందులో తేడా లేదు.

నాగావళి_గట్టు:
ఏడాదికి రెండుసార్లు ప్రవేశాలు ఇవ్వొచ్చని యూజీసీ 2024లోనే చెప్పింది. ఆలస్యమైతే జనవరిలో చేర్చుకోండి.

కోట_జంక్షన్:
బీటెక్‌లో జనవరి అంటే మొదటి సెమ్ లెక్కలు చదవకుండా రెండో సెమ్ లెక్కల్లో కూర్చోవడం. పదిమంది కోసం మొదటి సెమ్ మళ్లీ విడిగా ఎవరు చెబుతారు?

రికార్డు_రూమ్:
పదిమందీ ఒకేచోట ఉంటే ఒక మాస్టారు చెబుతారు. అయిదు కాలేజీల్లో ఇద్దరేసి ఉంటే ఎవరూ చెప్పరు.

నాగావళి_గట్టు:
సరే, ఆ మాట కాదనలేను. మొదటి ఏడాది క్యాంపస్‌లోనే పెట్టండి, బీటెక్‌కి ఒప్పుకుంటాను. ఎంఏ, ఎంకామ్‌లకి మాత్రం ఊరి కాలేజీ ఎందుకు పనికిరాదో ఇంకా ఎవరూ చెప్పలేదు.