పెళ్లి విశాఖలోనా, కెనడాలోనా? స్పౌజల్ స్పాన్సర్‌షిప్ గురించి సలహా కావాలి

ప్రశ్న (ఎం.వి.పి. కాలనీ నుంచి)

అందరికీ నమస్కారం. నేను మధురవాడలోని ఒక ఐటీ సంస్థలో పనిచేస్తున్నాను. నేను వివాహం చేసుకోబోయే వ్యక్తి అంటారియోలో పుట్టి పెరిగిన కెనడా పౌరుడు, క్రైస్తవుడు. మాది హిందూ కుటుంబం. ఇరువైపులా పెద్దలు అంగీకరించారు. సింహాచలంలో పెళ్లి జరిపించాలని మా అమ్మ ఆశ. అయితే ఆయనకు మూడు వారాలకు మించి సెలవు దొరకదు కనుక, నేనే విజిటర్ వీసాపై వెళ్లి అక్కడ పెళ్లి చేసుకుని, అక్కడి నుంచే స్పాన్సర్‌షిప్‌కు (కెనడా పౌరుడైన భర్త తన భార్యకు శాశ్వత నివాసం కోరడం) దరఖాస్తు చేయడం సులువని కొందరు అంటున్నారు. వీసా ఫారంలో పెళ్లి ప్రస్తావన తేవద్దని, స్నేహితురాలిని చూడడానికి వెళ్తున్నట్లు రాయమని ఒక ఏజెంటు చెప్పాడు. అలా రాయడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఏ దారి మంచిదో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: ద్వారకానగర్ న్యాయవాది

అమ్మా, ముందుగా పెళ్లి చట్టం ముందు నిలవాలి; స్పాన్సర్‌షిప్ ఆ తర్వాతి మాట. కెనడా వెలుపల జరిగిన వివాహం అది జరిగిన చోటి చట్టం ప్రకారమూ, కెనడా చట్టం ప్రకారమూ చెల్లితేనే కెనడా అధికారులు దాన్ని గుర్తిస్తారు. హిందూ వివాహ చట్టం, 1955 వధూవరులిద్దరూ హిందువులైనప్పుడే వర్తిస్తుంది. కాబట్టి ఆలయంలో తాళి కట్టించి ఫొటోలు తీయించుకున్నంత మాత్రాన మీ పని పూర్తికాదు. మీకు సరైనది ప్రత్యేక వివాహ చట్టం, 1954. మీలో ఒకరు ఈ జిల్లాలో కనీసం 30 రోజులు నివసించి ఉంటే చాలు, ఆ షరతు మీతోనే తీరుతుంది. పెళ్లి చేసుకోబోతున్నామని మీరిచ్చే నోటీసు ప్రకటించాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి, నోటీసు ఇచ్చిన మూడు నెలలలోపు పెళ్లి జరగాలి, సంతకాలకు ముగ్గురు సాక్షులు కావాలి. మూడు వారాల సెలవులో ఇదంతా ఇమడదు కనుక, ఆయన రాకముందే నోటీసు ఎలా దాఖలు చేయవచ్చో వివాహాధికారి కార్యాలయంలో అడిగి, ఆ తర్వాతే టికెట్లు తీసుకోండి. ఆయన అవివాహితుడని తెలిపే పత్రం కూడా అడిగే అవకాశం ఉంది. దానికోసం కెనడా ప్రభుత్వం ఇచ్చే పత్రాన్ని ఆయన ముందే తెప్పించుకోవడం మేలు. అమ్మగారి కోరికకు ఇవేవీ అడ్డు కావు, రిజిస్ట్రేషన్ అయ్యాక వేడుక మీ ఇష్టం.

జవాబు: గాజువాక వాసి (చెల్లెలు టొరంటోలో)

ఏజెంటు మాట ససేమిరా వినకండి. అబద్ధం చెప్పినట్లు తేలితే అయిదేళ్లపాటు కెనడాలో ప్రవేశానికి అనర్హులవుతారు. అది జీవితాన్నే తారుమారు చేస్తుంది. శాశ్వతంగా స్థిరపడాలన్న ఉద్దేశం ఉన్నంత మాత్రాన తాత్కాలిక వీసా నిరాకరించాలని వారి చట్టంలో లేదు. గడువు ముగిసేలోగా తిరిగి వస్తారని అధికారికి నమ్మకం కలిగితే చాలు. కాబట్టి పెళ్లికే వెళ్తున్నానని ధైర్యంగా రాయవచ్చు, అయినా తిరస్కరించే ప్రమాదం ఉంటుంది. అక్కడ పెళ్లి మాత్రం తేలికే: అంటారియోలో మ్యారేజ్ లైసెన్సు 90 రోజులు చెల్లుతుంది, ముందుగా అక్కడ నివసించి ఉండాలన్న షరతు లేదు.

నా అభిప్రాయంలో మాత్రం మీరు ఇక్కడే పెళ్లి చేసుకుని, ఉద్యోగం వదలకుండా, విశాఖ నుంచే ఔట్‌లాండ్ (భార్య కెనడా వెలుపల ఉండగా పెట్టే) దరఖాస్తు పెట్టడం మంచిది. అది తిరస్కరణకు గురైతే మీ భర్త ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు (ఇలాంటి అప్పీళ్లు వినే కెనడా ట్రిబ్యునల్) వెళ్లగలరు. భార్యాభర్తలు కెనడాలోనే ఉండి పెట్టే ఇన్‌లాండ్ దరఖాస్తుకు ఆ అప్పీలు హక్కు లేదు, ఫెడరల్ కోర్టు ఒక్కటే దిక్కు.

జవాబు: సీతమ్మధార నుంచి

పై ఇద్దరి మాటలూ సరైనవే. నేను చెప్పేది సాక్ష్యాల గురించి, ఎందుకంటే అధికారి అసలు చూసేది ఈ బంధం నిజమైనదా, కెనడా హోదా కోసమే కుదుర్చుకున్నదా అన్నది. ఐ.ఎం.ఎం. 5532 అనే ఫారంలో ఎప్పుడు, ఎలా కలిశారు, ఎవరెవరికి తెలుసు, వేడుకకు ఎవరు వచ్చారు అన్నవి ఇద్దరినీ అడుగుతారు. మన పెళ్లిళ్లలో వందలమంది వస్తారు కాబట్టి ఫొటోలకు కొదవ ఉండదు, కానీ ఆయన తల్లిదండ్రులు మీ ఇంట్లో కూర్చుని భోంచేస్తున్న ఒక ఫొటో వేదిక మీది వంద ఫొటోలకంటే బలంగా మాట్లాడుతుంది. ఫోన్ సంభాషణల చిట్టాలు, ప్రయాణ టికెట్లు, ఒకరికొకరు పంపుకున్న డబ్బు వివరాలు ఇప్పటి నుంచే తేదీల వారీగా దాచండి. తేదీలు ఇద్దరూ ఒకేలా రాయాలి.

భార్యను స్పాన్సర్ చేయడానికి సాధారణంగా కనీస ఆదాయం ఉండాలన్న షరతు లేదు, కానీ మీకు శాశ్వత నివాసం వచ్చిన రోజు నుంచి మూడేళ్లు మీ బాధ్యత వహిస్తానని ఆయన రాసి ఇవ్వాలి. దాని అర్థం ఏమిటో ఆయనకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ ముందే తెలియాలి. మీరు 18 ఏళ్లు నిండాక ఇతర దేశాల్లో వరుసగా ఆరు నెలలు లేదా అంతకు మించి ఉన్నట్లయితే అక్కడి పోలీసు ధ్రువపత్రానికి సమయం పడుతుంది, మొదట ఆ పని చూడండి.